పెద్దపుస్తకం

తంగడి కాడ భీమ వచ్చి కృష్ణల కలుస్తది.
ఆ కలిసే మూల మీద వాళ్ళ కోట,
కోట మీద వాళ్ళ జెండా, సగం ఆకుపచ్చ, సగం ఎరుపు.
రాయచూరు కొట్లాటకు తుపాకులు పట్టుకొని వచ్చినోళ్ళు
నాలుగొందల ఏండ్లు దాటె, తిరిగి పోనేలేదు.
గోవ నుంచి ఈడిదాంక రైలేసిండ్రు.
మక్తల్ బడికి పాద్రీనిచ్చిండ్రు.
నీళ్ళు మాత్రం ఇయ్యలే.

అరవై మూడు, ఎండకాలం. నాకు తొమ్మిదేండ్లు.
మా నాయన సవారప్ప గుంపు మేస్త్రీ. అక్షరం రాదు.
"రాయి బిడ్డా" అని పెద్దపుస్తకం నా ముంగట పెట్టిండు.
రాసిన.
కుర్వ ఈరప్ప. బోయ నర్సింలు. ఒడ్డె ఎల్లన్న, ఆయన తమ్ముడు.
తమ్ముని పేరేందని అడిగితే అందరు నవ్విరి.
చిన్నోడు అనే రాసిన.
ఉశేనప్ప, పీరుకు మొక్కితే పుట్టినోడు,
నన్ను వీపు మీదేసుకొని ఏరు దాటించినోడు.
పదిహేడు పేర్లు.
పేరుకు నూటాయాభై ఎస్కూదోలు ముందస్తు,
అండ్ల మా నాయనకు పది.
ఆ రాత్రి మా ఇంట్ల వరిబువ్వ.

"యాడికి మేస్త్రీ?"
"గినీకి."
"అదేడుంది?"
"మార్మగోవల ఓడెక్కితే అదే తీస్కపోతది."
"పనేంది?"
"తవ్వకం."
అబద్ధమాడలే మా నాయన.

ఎల్లన్న గడ్డపార దించితే సప్పుడిని చెప్పెటోడు,
కింద బండనా, బుగ్గనా అని.
ఆ చెవుల కోసమే వచ్చిండ్రు వాళ్ళు.
గినీ బాటల మట్టి కింద బాంబులు పాతుంటయట.
లారీల కన్న ముందు, సిపాయిల కన్న ముందు
పాలమూరోళ్ళు నడవాలె,
ఇనుప పుల్లతోని మట్టిని పొడుసుకుంట,
ఊపిరి ఆపుకుంట.

ఉశేనప్ప ఎవరితోనో రాయించి పంపెటోడు.
వాళ్ళమ్మకు నేనే చదివి ఇనిపించాలె.
"ఈడ మట్టి మన చెల్క లెక్కనే ఎర్రగుందమ్మా.
పల్లికాయ ఏస్తరు. పీకి, వేర్లు పైకి పెట్టి ఎండబెడ్తరు.
మొన్న ఒక చేను కాల్చమన్నరు. కాల్చినం.
మన కళ్ళంల పల్లీలు కాల్చుకున్నట్టే వాసన.
ఎవ్వరు ముట్టలే. చిన్నోడు తిన్నడు."
చేను కాడికి వచ్చి ఆగిన.
"అందరు బాగున్నరంట" అన్న.
ముసలామె నా చేతుల బెల్లం ముక్క పెట్టింది.

పదిహేడు మందిల నలుగురు వచ్చిండ్రు.
ఎల్లన్న వచ్చిండు, చెవులు రాలే.
ఇప్పటికి బాయి కాడికి పిలుస్తరు,
గడ్డపార మీద అరచెయ్యి ఆనిచ్చి
చానాసేపు కండ్లు మూసుకుంటడు.
తమ్ముని మాట ఎత్తడు.
ఉశేనప్పకు బదులు ఒక తువ్వాల వచ్చింది,
ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి.

పాద్రీ ఒకనాడు మురిసిపోయి చెప్పిండు,
తువ్వాల మా మాటనే, ఇస్త్రీ మా మాటనే,
మేస్త్రీ గూడ మాదే,
మా దిక్కు మేస్త్రీ అంటే పంతులు.
ఇంటికొచ్చి మా నాయనకు చెప్పలే.

ఒక్కోసారి లెక్క తప్పిచ్చి చూస్త.
ఆ తుపాకులోళ్ళు రాయచూరు కాడనే
కూలి తీస్కొని సముద్రానికి మర్లిపోతే?
కోట లేదు. గినీ పేరు ఎవ్వనికి తెల్వదు.
మా నాయన ఉంటడా?
ఉంటడు. పెద్దపుస్తకమూ ఉంటది.
తట్టలు, పారలు, చంకల పిల్లలు,
యాడనో పరాయి గడ్డ మీద కట్ట కట్టనీకి
లారీల నిండ మా గుంపు పోతనే ఉంటది.
పక్క పొంటి కృష్ణ పోతనే ఉంటది,
మా చేను తడవకుంట.

ఐతే పీర్ల పండుగకు చిన్నోడు వస్తడు.
గల్మల నిలవడి కొట్లాడ్తడు,
"నా పేరు సరిగ రాయకపోతివి" అని.
పుస్తకం తెరిస్త. ఆ వరుసల జాగ ఉంది,
ఒక పేరు పట్టేంత.

ఎల్లన్నను అడగొచ్చు, మూడిండ్ల అవతలనే ఉంటడు.
అడగాలంటే ఒర్రాలె.
ఊరంత ఇంటది.